మెయింటెనెన్స్ వేళ అనవసరపు అలర్ట్‌లు మోగకుండా చూసుకోవడం ఎలా?

రాత్రి రెండింటికి ప్యాచింగ్ (సర్వర్లకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు వేసే పని) పెట్టుకున్నారు. సర్వర్‌ని రీబూట్ చేసింది మీరే, అది డౌన్ అయిందని ఫోన్ వచ్చేదీ మీకే. దాన్ని కట్ చేసేలోపు రెప్లికా (డేటాబేస్ నకలు) వెనకబడిందని ఒకటి, లోడ్ బ్యాలెన్సర్ (ట్రాఫిక్‌ని మెషీన్లకి పంచేది) వెనక ఒక మెషీన్ పలకడం లేదని ఇంకొకటి, ఫలానా హెల్త్ చెక్ ఫెయిలైందని మరొకటి. పది దాటాక ఎవరూ చదవరు, గుడ్డిగా అక్నాలెడ్జ్ నొక్కుకుంటూ పోతారు. పదకొండోది నిజంగా లేచి చూడాల్సిన అలర్ట్ అయితే అదీ ఆ గుంపులోనే కొట్టుకుపోతుంది.

ఈ బాధ ఐటీ వాళ్లకే కాదు. 1994 జూలైలో వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడు జరగడానికి ముందు, ఆఖరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయని దర్యాప్తులో తేలింది. అన్ని అలారాల్లో ఏది ముఖ్యమో ఏరుకోవడం మనిషి వల్ల అయ్యే పని కాదు.

అందుకని చాలామంది చేసేది, పని మొదలుపెట్టే ముందు మానిటరింగ్ మొత్తం ఆపేయడం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే ఇది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు 6 గంటలపాటు ప్రపంచమంతా ఆగిపోయాయి. మామూలు మెయింటెనెన్స్ పనిలో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్లని కలిపే బ్యాక్‌బోన్ నెట్‌వర్క్ మొత్తాన్ని తెంపేసింది. అలాంటి కమాండ్‌ని ఆపాల్సిన ఆడిట్ టూల్‌లో బగ్ ఉండటంతో అది ఆపలేకపోయింది. మెయింటెనెన్స్ జరుగుతున్నప్పుడు సిస్టమ్ మామూలు రోజు కన్నా ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది. ఆ సమయంలోనే కళ్లు మూసుకుంటే ఎలా?

కాబట్టి వస్తుందని ముందే తెలిసిన అలర్ట్‌ని మాత్రమే నొక్కిపెట్టాలి, తెలియనిది మోగి తీరాలి. కింద చెప్పేవన్నీ దీనికోసమే.

1. ముందు కాగితం మీద లిస్టు

టూల్ తెరవడానికి ముందే ఈ పని అవ్వాలి. ఒక ఉదాహరణ పట్టుకుందాం. డీబీ-01 ప్రైమరీ (అసలు డేటాబేస్), డీబీ-02 దాని రెప్లికా, రెండూ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లే. ఈ రాత్రి డీబీ-02కి ఓఎస్ ప్యాచ్‌లు వేసి రీబూట్ చేయాలి.

మోగుతాయని ముందే తెలిసినవి ఇవి: డీబీ-02 హోస్ట్ డౌన్, దాని మీద నడిచే పోస్ట్‌గ్రెస్ డౌన్, రెప్లికేషన్ లాగ్ (రెప్లికా ప్రైమరీ కన్నా వెనకబడటం), రీడ్ ట్రాఫిక్ పంచే లోడ్ బ్యాలెన్సర్‌లో ఒక బ్యాకెండ్ తగ్గిందన్న హెచ్చరిక, రెప్లికా నుంచి తీసే రాత్రి బ్యాకప్ ఫెయిల్. చివరిదాన్ని మాత్రం మ్యూట్ చేయకండి, బ్యాకప్ టైమ్‌నే పని అయ్యాకకి జరపండి. బ్యాకప్ అలర్ట్‌ని నొక్కిపెట్టే అలవాటు మంచిది కాదు. ఆ రాత్రి బ్యాకప్ లేదన్న సంగతి తెల్లారాక ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు రెండో లిస్టు, మోగితే చేతిలో పని ఆపి చూడాల్సినవి. డీబీ-01కి సంబంధించినవన్నీ ఇందులోకి వస్తాయి, ముఖ్యంగా డిస్క్. రెప్లికేషన్ స్లాట్ (రెప్లికా ఎంతదాకా అందుకుందో ప్రైమరీ గుర్తుపెట్టుకునే ఏర్పాటు) వాడుతుంటే, రెప్లికా అందుబాటులో లేనంతసేపూ దానికి పంపాల్సిన వాల్ (WAL, డేటాలో మార్పుల చిట్టా) ఫైళ్లను ప్రైమరీ తీసేయకుండా దాచుకుంటూ పోతుంది. పోస్ట్‌గ్రెస్ 13లో దీనికి హద్దు పెట్టే సెట్టింగ్ వచ్చింది గానీ, మీరు పెట్టకపోతే హద్దు లేనట్టే. రీబూట్ తర్వాత డీబీ-02 లేవలేదనుకోండి. మీరు దాని కన్సోల్‌తో కుస్తీ పడుతుంటారు, అటు డీబీ-01లో డిస్క్ నిండుతూ ఉంటుంది. "డేటాబేస్ అలర్ట్‌లన్నీ రెండు గంటలు మ్యూట్" అని పెట్టేసి ఉంటే ఆ సంగతి చెప్పేవాళ్లే ఉండరు. ఒక రెప్లికా రీబూట్ కాస్తా ప్రైమరీ ఆగిపోవడం దాకా వెళ్లేది ఇలాగే.

ఈ రెండో లిస్టులో ఏ మెయింటెనెన్స్‌లోనైనా తప్పకుండా ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. బయటి నుంచి యూజర్ లాగా సైట్‌ని తట్టి చూసే చెక్, సెక్యూరిటీ అలర్ట్‌లు, మానిటరింగ్ సిస్టమ్ తన మీద తాను ఇచ్చుకునే అలర్ట్‌లు. సైట్‌నే పూర్తిగా దించే పని అయితే తప్ప మొదటిదాన్ని ముట్టుకోవద్దు.

లిస్టు రాయడానికి ఏమీ తట్టకపోతే, కిందటిసారి ఇదే పని చేసిన రాత్రి ఏమేం మోగాయో హిస్టరీలో చూడండి. అందులో తొంభై పాళ్లు దొరుకుతుంది.

2. సైలెన్స్ ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది

సైలెన్స్ అంటే ఫలానా అలర్ట్‌లు కొంతసేపు మోగకుండా టూల్‌లో పెట్టే రూల్. లిస్టులో ఉన్నదానికే అది తగలాలి. చెప్పినంత తేలిక కాదిది, ఎందుకంటే అలర్ట్ ఏ మెషీన్‌ది, ఏ సర్వీస్‌ది అని చెప్పే లేబుళ్లు మనం అనుకున్నట్టు ఉండవు.

ప్రోమిథియస్ అనే మానిటరింగ్ టూల్‌నీ, దాని అలర్ట్‌లు పంపే అలర్ట్‌మేనేజర్‌నీ వాడేవాళ్లు తరచూ ఇరుక్కునే చోటు ఒకటుంది. ఇన్‌స్టన్స్ లేబుల్‌లో మామూలుగా హోస్ట్ పేరుతోపాటు పోర్ట్ కూడా ఉంటుంది. మెషీన్ లెక్కలు ఇచ్చే నోడ్ ఎక్స్‌పోర్టర్ 9100 పోర్ట్ మీద, డేటాబేస్ లెక్కలు ఇచ్చే పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌పోర్టర్ 9187 మీద నడుస్తాయి. మీరు "డీబీ-02:9100" అని సైలెన్స్ పెడితే హోస్ట్ డౌన్ ఆగుతుంది, పోస్ట్‌గ్రెస్ డౌన్ మోగుతూనే ఉంటుంది. సరే అని రెజెక్స్ (అక్షరాల నమూనా) పెట్టి ఉత్తి "డీబీ-02" అని రాస్తే అసలు దేనికీ తగలదు. అలర్ట్‌మేనేజర్ రెజెక్స్‌ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పూర్తిగా సరిపోల్చుతుంది, మధ్యలో ముక్క ఉంటే చాలదు. విసుగొచ్చి "డీబీ" తర్వాత ఏదున్నా సరే అన్నట్టు రాసేస్తారు. ఇక్కడే డీబీ-01 కూడా నోరు మూసుకుంటుంది.

దీనికి సరైన మందు, పోర్ట్ లేకుండా హోస్ట్ పేరు మాత్రమే ఉండే లేబుల్ ఒకటి ప్రోమిథియస్ చూసే అన్ని టార్గెట్‌లకీ రీలేబుల్ చేసి (సెట్టింగ్‌లోనే తగిలించి) పెట్టుకోవడం. ఒకసారి చేసుకుంటే చాలు. తర్వాత ఏ సైలెన్స్ అయినా ఒక్క లైనులో అయిపోతుంది.

ఇంకో సంగతి. సర్వీస్ వారీగా కూడిక చేసి లెక్కగట్టే అలర్ట్‌లలో ఇన్‌స్టన్స్ లేబులే ఉండదు. "చెకౌట్ సర్వీస్‌లో ఎర్రర్‌లు పెరిగాయి" లాంటివి. హోస్ట్ పేరుతో పెట్టిన సైలెన్స్ వీటికి తగలదు. కొంతమంది దీన్ని లోపం అనుకుంటారు. నన్నడిగితే అది మన అదృష్టం, యూజర్‌కి దెబ్బ తగులుతోందని చెప్పేవి ఇలాంటి అలర్ట్‌లే.

సైలెన్స్ పెట్టే ముందు అది ప్రస్తుతం ఏయే అలర్ట్‌లకి తగులుతుందో ప్రివ్యూ చూపించే టూల్ అయితే తప్పకుండా చూడండి. కాకపోతే ఆ క్షణంలో ఫైర్ అవుతున్నవే అందులో కనిపిస్తాయి. కాబట్టి ప్రివ్యూలో ఏమీ లేకపోయినంత మాత్రాన తప్పు పెట్టినట్టు కాదు.

3. టైమ్ లెక్క

మొదలు సంగతి తేలిక, పనికి ఐదు నిమిషాల ముందు నుంచి పెట్టండి. చివర ఎంత వదలాలన్నదే ఆలోచించాలి. సర్వర్ లేచాక సర్వీస్‌లు లేవాలి, రెప్లికా వెనకబడినదంతా అందుకోవాలి, కాష్‌లు వేడెక్కాలి. 40 నిమిషాల పనికి గంట పెట్టడం సబబు. నాలుగు గంటలు పెట్టడం మాత్రం సోమరితనం. పని సాగితే పొడిగించడానికి ఒక్క నిమిషం పడుతుంది, ఆ నిమిషంలో "ఎందుకు సాగింది?" అని ఎవరో ఒకరు అడుగుతారు కూడా. అది మంచిదే.

ముగింపు టైమ్ లేని మ్యూట్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. "నేను గుర్తుపెట్టుకుని తీసేస్తా" అన్నవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి నిద్ర మత్తులో లాప్‌టాప్ మూసేస్తారు.

ప్రతి వారం ఒకే టైమ్‌కి జరిగే పని అయితే అలర్ట్‌మేనేజర్‌లో టైమ్ ఇంటర్వల్స్, గ్రఫానా అనే టూల్‌లో మ్యూట్ టైమింగ్స్ ఉన్నాయి. అలర్ట్‌మేనేజర్‌లో రెండు జాగ్రత్తలు. లొకేషన్ (టైమ్ జోన్) చెప్పకపోతే అది యూటీసీ (మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనక) లెక్కనే నడుస్తుంది. రెండోది, ఒక టైమ్ రేంజ్ అర్ధరాత్రి దాటకూడదు. శనివారం రాత్రి 22:00 నుంచి ఆదివారం 02:00 దాకా కావాలంటే శనివారానికి 22:00 నుంచి 24:00 అని ఒకటి, ఆదివారానికి 00:00 నుంచి 02:00 అని ఇంకొకటి విడివిడిగా రాయాలి. రెండిటినీ ఒకే ఎంట్రీలో కుక్కితే శనివారం తెల్లవారుజామున, ఆదివారం రాత్రి కూడా అలర్ట్‌లు ఆగిపోతాయి.

జాబిక్స్ అనే మానిటరింగ్ టూల్‌లో తికమక ఇంకో రకం. మెయింటెనెన్స్ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుందో ఒక చోట, ఆ మధ్యలో అసలు పీరియడ్ ఏ టైమ్‌కో మరో చోట ఇవ్వాలి. మొదటిది ఇచ్చి సరిపోయిందనుకుంటే కుదరదు. అలాగే డేటా సేకరిస్తూనా, సేకరించకుండానా అని అడుగుతుంది. సేకరిస్తూ అన్నదే ఎంచుకోండి. రెండోది ఎంచుకుంటే గ్రాఫ్‌లో గుంట పడుతుంది, తేడా వచ్చినప్పుడు వెనక్కి వెళ్లి చూసుకోవడానికి ఏమీ మిగలదు.

పని ఎప్పుడు మొదలవుతుందో గట్టిగా చెప్పలేని రోజులుంటాయి. నాగియోస్ అనే ఇంకో మానిటరింగ్ టూల్‌లో దీనికోసం ఫ్లెక్సిబుల్ డౌన్‌టైమ్ ఉంది. ఒంటిగంటకీ మూడింటికీ మధ్య ఎప్పుడు హోస్ట్ డౌన్ అయితే అప్పటి నుంచి అరగంట అని చెప్పొచ్చు. నాగియోస్‌లో హోస్ట్‌కి డౌన్‌టైమ్ పెట్టేటప్పుడు దాని సర్వీస్‌లకి కూడా విడిగా పెట్టారో లేదో ఒకసారి సరిచూసుకోండి.

4. సైలెన్స్ ముగిశాక మీ టూల్ ఏం చేస్తుందో తెలుసా?

మెయింటెనెన్స్ రాత్రుల్లో అసలు దెబ్బ కొట్టేది ఇదేనని నా నమ్మకం. విండో (మెయింటెనెన్స్‌కి పెట్టుకున్న టైమ్) ముగిసింది, డీబీ-02 ఇంకా లేవలేదు. ఫోన్ మోగుతుందా?

అలర్ట్‌మేనేజర్‌లో మోగుతుంది. సైలెన్స్ నోటిఫికేషన్‌ని మాత్రమే ఆపుతుంది, అలర్ట్ లోపల బతికే ఉంటుంది. గడువు తీరగానే బయటికొస్తుంది. జాబిక్స్‌లో కూడా, సప్రెస్ అయిన సమస్యలకు చర్యలు ఆపే ఆప్షన్ పెట్టుకుని ఉంటే, విండో తర్వాత కూడా సమస్య మిగిలితే నోటిఫికేషన్ వస్తుంది.

అమెజాన్ క్లౌడ్‌లోని మానిటరింగ్ టూల్ క్లౌడ్‌వాచ్ అలా కాదు. అక్కడ అలారం స్థితి మారిన క్షణంలోనే యాక్షన్ నడుస్తుంది. యాక్షన్స్ ఆఫ్ చేసి ఉన్నప్పుడు అలారం ఎర్రబడి, మీరు మళ్లీ ఆన్ చేసేసరికి కూడా ఎర్రగానే ఉంటే స్థితి కొత్తగా మారినట్టు కాదు. కాబట్టి మెసేజ్ రాదు. అలర్ట్ వస్తే మనిషికి ఫోన్ చేసే పేజర్‌డ్యూటీలో సర్వీస్‌ని మెయింటెనెన్స్ విండోలో పెడితే ఆ సమయంలో వచ్చిన ఈవెంట్లకి ఇన్సిడెంట్ పుట్టదు. విండో అయ్యాక అది పాతవాటిని తవ్వి తీయదు, పైనున్న మానిటరింగ్ మళ్లీ పంపితేనే తెలుస్తుంది.

అందుకే వీలైనంత వరకు మూలానికి దగ్గరగా, అంటే మానిటరింగ్ టూల్‌లోనే నొక్కిపెట్టండి, ఫోన్ చేసే టూల్‌లో కాదు. మీ సెటప్ ఎలా నడుస్తుందో నమ్మకం లేకపోతే పగటిపూట ఒక టెస్ట్ సర్వర్ మీద చూసుకోండి. రెండు నిమిషాల సైలెన్స్ పెట్టి, సర్వర్ ఆపి, సైలెన్స్ ముగిశాక ఏమవుతుందో చూడండి. అరగంట పని కూడా కాదు.

5. కామెంట్ ఖాళీగా వదలకండి

సైలెన్స్ పెట్టేటప్పుడు కామెంట్‌కి ఒక చోటుంటుంది. అక్కడ "మెయింటెనెన్స్" అని ఒక్క ముక్క కొట్టి వదిలేస్తారు. రాత్రి మూడింటికి ఇంకో టీమ్ వాళ్లు చూస్తే అందులో వాళ్లకి అర్థమయ్యేది ఏముంది? ఇలా రాయండి: "డీబీ-02 ఓఎస్ ప్యాచింగ్, చేంజ్ టికెట్ ఇది, చేస్తున్నది నేను, 3:00 కల్లా రెప్లికా అందుకోకపోతే డేటాబేస్ ఆన్-కాల్ డ్యూటీలో ఉన్నవాళ్లని లేపండి." అంతే.

మీ సర్వీస్‌ని తమ మానిటరింగ్‌తో చూసే పక్క టీమ్‌లకి కూడా ముందే ఒక మాట చెప్పాలి. మీ సైలెన్స్ వాళ్ల ఫోన్‌ని ఆపదు.

6. ఒకసారి చేసి పెట్టుకుంటే ప్రతిసారీ పనికొచ్చేవి

స్విచ్ ఒకటి పడితే దాని వెనకున్న మెషీన్లన్నీ విడివిడిగా అరవాల్సిన పని లేదు. నాగియోస్‌లో పేరెంట్ హోస్ట్ అని చెప్పుకోవచ్చు, జాబిక్స్‌లో ట్రిగ్గర్ డిపెండెన్సీలు ఉన్నాయి, అలర్ట్‌మేనేజర్‌లో ఇన్హిబిషన్ రూల్స్ ఉన్నాయి. పెద్ద అలర్ట్ ఉంటే దాని కింది చిన్నవి ఆగిపోతాయి. ఇన్హిబిషన్ రాసేటప్పుడు రెండు అలర్ట్‌లలోనూ సమానంగా ఉండాల్సిన లేబుల్ చెప్తాం కదా, ఆ లేబుల్ రెండిట్లోనూ లేకపోయినా సమానంగానే లెక్కేస్తుంది. ఉదాహరణకి, మెషీన్ ఏ రాక్‌లో ఉందో చెప్పే లేబుల్ పెట్టడం మరిచిన చోట, సంబంధం లేని అలర్ట్‌లు కూడా మూగబోతాయి.

ప్యాచింగ్‌కి ఆన్సిబుల్ లాంటి ఆటోమేషన్ టూల్స్ వాడుతుంటే సైలెన్స్‌ని కూడా అందులోనే పెట్టేయండి. ముందు పనుల్లో ఒక్కో హోస్ట్‌కి 20 నిమిషాల సైలెన్స్, చివరి పనుల్లో హెల్త్ చెక్ పాసైతే దాన్ని తీసేయడం. స్క్రిప్ట్ మధ్యలో చచ్చిపోయినా గడువు దానంతటదే తీరుతుంది, ఫోన్ మోగుతుంది. 20 సర్వర్లకి కలిపి ఒకే పెద్ద సైలెన్స్ పెట్టడం కన్నా ఇది ఎంతో నయం. ఏ క్షణంలో చూసినా మీరు పని చేస్తున్న ఒకటి రెండు మెషీన్లే నిశ్శబ్దంగా ఉంటాయి.

అలర్ట్ వస్తే సర్వీస్‌ని దానంతటదే రీస్టార్ట్ చేసే ఆటోమేషన్ ఉందా? సైలెన్స్ దాన్ని ఆపుతుందని అనుకోకండి. అది వేరే దారిలో వెళ్తుంటే, మీరు ఆపిన డేటాబేస్‌ని ప్యాచ్ మధ్యలో లేపి కూర్చోబెడుతుంది. విడిగా ఆఫ్ చేయాలి.

7. పని జరుగుతున్నంతసేపూ

నొక్కిపెట్టిన అలర్ట్‌లు ఒక స్క్రీన్ మీద కనబడుతూనే ఉండాలి. అలర్ట్‌మేనేజర్ పేజీలో సైలెన్స్ అయినవి చూపించే టిక్ ఒకటుంది, దాన్ని పెట్టుకుని ఓ ట్యాబ్ తెరిచి ఉంచండి. లేదంటే మెయింటెనెన్స్ అలర్ట్‌లను ఫోన్‌కి కాకుండా ఒక చాట్ చానెల్‌కి మళ్లించండి. మోత ఉండదు, చూపు ఉంటుంది.

మీ రెండో లిస్టులోది ఒక్కటి మోగినా టైపింగ్ ఆపండి. "ఇదీ మెయింటెనెన్స్ వల్లే అయ్యుంటుంది" అన్న మాట మనసులోకి వస్తుంది చూడండి, ఆ రాత్రి దాన్ని అస్సలు నమ్మొద్దు. లిస్టులో లేదంటే మెయింటెనెన్స్ వల్ల వచ్చినా మీరు ఊహించనిదే.

8. పని అయ్యాక పావుగంట

సైలెన్స్ తీసేయడానికి ముందు ఏమేం ఇంకా ఫైర్ అవుతున్నాయో చూడండి. ఖాళీ అయితే గడువు కోసం ఆగకుండా చేత్తో తీసేయండి.

ఆ తర్వాత మొదట రాసుకున్న లిస్టు ముందు పెట్టుకోండి. ప్రోమిథియస్‌లో అలర్ట్స్ అనే మెట్రిక్ ఉంటుంది. సైలెన్స్ ఉన్నా లేకపోయినా ఏ అలర్ట్ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఫైర్ అయిందో అందులో దొరుకుతుంది. అనుకున్నవి వచ్చాయా, అనుకోనివి ఏమైనా వచ్చాయా అని అందరూ చూస్తారు. దాదాపు ఎవరూ చూడనిది ఇంకోటుంది: వస్తుందనుకుని రానిది.

డీబీ-02 పావుగంట చచ్చి పడి ఉంది, హోస్ట్ డౌన్ అలర్ట్ మాత్రం ఫైరే కాలేదు. రూల్‌లో పది నిమిషాలు ఆగమని ఉండి, రీబూట్ నాలుగు నిమిషాల్లో అయిపోతే రాకపోవడం న్యాయమే. పావుగంటకి కూడా రాలేదంటే ఆ అలర్ట్ పని చేయడం లేదన్నమాట. సర్వీస్ డిస్కవరీ (ఏయే మెషీన్లని చూడాలో మానిటరింగ్‌కి చెప్పేది) నుంచి మెషీన్ పేరే మాయమై ఉండొచ్చు. అప్పుడు అది పలుకుతోందో లేదో ఒకటి, సున్నాలతో చెప్పే అప్ మెట్రిక్ సున్నా కాదు, అసలు ఉండనే ఉండదు. సున్నా కోసం ఎదురుచూసే రూల్ ఎప్పటికీ మోగదు. లేదా రూల్‌లో లేబుల్ పేరు ఎవరో మార్చి ఉండొచ్చు. నిజంగా సర్వర్ పడిపోయే రోజు కన్నా ఇవాళ తెలియడమే మేలు కదా. మెయింటెనెన్స్ పుణ్యమా అని అలర్ట్‌లన్నిటికీ ఖర్చు లేకుండా పరీక్ష జరుగుతుంది, ఆ ఫలితం చూసుకోకుండా వదిలేయకండి.

నెలనెలా ఒకే అలర్ట్‌ని అదే మనిషి నొక్కిపెడుతున్నారంటే సైలెన్స్ కాదు, రూల్ మార్చాలి. పది మెషీన్లలో ఒకటి లేకపోయినా సర్వీస్ నడిచేలా కట్టుకున్నప్పుడు, ఒక్క మెషీన్ పడిందని మనిషిని నిద్రలేపడం దేనికి? దాన్ని టికెట్‌కి మార్చి, మూడు పడితే ఫోన్ వచ్చేలా పెట్టండి.

చివరిగా, మిగిలిపోయినవాటి సంగతి. క్లౌడ్‌వాచ్‌లో యాక్షన్స్ ఆఫ్‌లో ఉండిపోయిన అలారాలు, జాబిక్స్‌లో వచ్చే ఏడాది దాకా గడువున్న మెయింటెనెన్స్‌లు, అలర్ట్‌మేనేజర్‌లో నెలల తరబడి పెట్టిన సైలెన్స్‌లు. వీటన్నిటినీ వారానికోసారి ఒక చిన్న స్క్రిప్ట్‌తో లాగి, పెట్టినవాళ్ల పేరుతో సహా టీమ్ చాట్‌లో పడేయండి. చాలావరకు వాళ్లే తీసేసుకుంటారు. ఎవరిదో తెలియనివి మిగిలితే పగటిపూట, అందరూ ఆఫీసులో ఉన్న టైమ్‌లో తీసి చూడండి.